మజ్జిగ కొట్టు మీది లావు అక్షరాలు

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. కర్నూలులో మేడ మీది గదిలో కూర్చుని నేను లావు అక్షరాలు గీస్తున్నాను. పత్రికల శీర్షికలకూ అంగళ్ల బోర్డులకూ పనికొచ్చే కొత్త తెలుగు ఫాంటు అది. వంపులన్నీ నిండు వృత్తాలు, గీతలన్నీ ఒకే మందం. మధ్యాహ్నం కునుకు పడితే ఆ అక్షరాలు రెప్పల వెనక నల్లటి గుండ్రాళ్లలా దొర్లుతుండేవి. తుంగభద్ర ఇసుకలో మిగిలిన నీటిమడుగు మీద 'ఠ' తేలుతున్నట్టు కల వచ్చేది.

ఎంతకీ కుదరనిది తలకట్టు. అక్షరం నెత్తిన టిక్కులా ఉండే ఆ గీత, లావు చేసేసరికి కొమ్ములా పొడుచుకొచ్చేది. ఒకరోజు నిద్రమత్తులోనే దాన్ని అడ్డంగా పడుకోబెట్టాను. మెలకువ వచ్చి చూస్తే అక్షరం నెమ్మదిగా కుదురుకుని కూర్చుంది.

అప్పుడే ఆత్మకూరులో ఉండే మా అక్క శ్రీశైలం దారిలో మజ్జిగ కొట్టు పెట్టింది. బోర్డు నేనే చేయించాను. నల్ల రేకు మీద తెల్లగా ఒకే మాట: మజ్జిగ. దాన్ని కట్టాక అక్క రోడ్డు దాటి నిలబడి చాలాసేపు చూసింది.

"ఏమ్రా, ఇది తెలుగేనా? కన్నడం మాదిరి ఉండాది."

"తెలుగేలే అక్కా. తలకట్టు ఒక్కటే అడ్డంగా పెట్టినా."

"చూసినోళ్లు నవ్వుతారు. మళ్లా రాయించుకొని రా."

మనసు చివుక్కుమంది. కానీ ఆమె అన్నది నిజమే. కన్నడ అక్షరాల నెత్తిన ఉండేది అలాంటి గీతే. ఇన్ని నెలలు నా అక్షరాల మధ్యే మునిగి ఉన్న నాకు ఆ సంగతి తట్టనే లేదు. ఉగాది పోయాక మారుస్తానన్నాను.

ఉగాదికి ముందు కన్నడ భక్తులు కాలినడకన శ్రీశైలం వెళ్తారు. మర్నాడు పొద్దునే ఆ గుంపులు మొదలయ్యాయి. నెత్తిన మూటతో ఒక ముసలామె రోడ్డుకు అవతల ఆగింది. బోర్డు వైపు వేలు చూపిస్తూ కూడబలుక్కుంది. "మ... జ్జి... గ..." అంతే, పకపకా నవ్వి వెనకవాళ్లను రమ్మని కేకేసింది. "బన్ని, బన్ని! మజ్జిగె!"

వాళ్ల భాషలో ఆ మాట చివర ఎత్వం ఉంటుంది. మేము మరిచిపోయామనుకుందేమో, కొట్టు దగ్గరికొచ్చి గాలిలో వేలితో ఆ ఎత్వం గీసి చూపించింది. అక్కకు నవ్వాగలేదు.

"మా పక్క ఇట్లే రాస్తారు లేమ్మా. శానా దూరం నడిచినావు, తాగు."

ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. గ్లాసు ఖాళీ చేసి, అక్క తల మీద చెయ్యి పెట్టి, తన భాషలో ఏదో మెల్లగా చెప్పి వెళ్లిపోయింది. దుమ్ములో గుంపులు వస్తూనే ఉన్నాయి. సాయంత్రానికి కుండలు అడుగంటాయి.

"ఆ గీత జోలికి పోవద్దురా," అంది అక్క. "అట్లే ఉండనీ."

ఫాంటంతా అలాగే పూర్తి చేశాను. ఇప్పుడు కడప బస్సులో కునికిపాట్లు పడుతుంటే, ఏ అంగడి మీదో ఆ అక్షరాలు దాటిపోతాయి. అది ఏ భాషో ఒక్క క్షణం తోచదు. చదవగలిగాను కదా అనుకుని మళ్లీ కళ్లు మూసుకుంటాను.