అమ్మ గొంతుకు కాపలా

పాత వాయిలు చీర చింపి అమ్మ కుట్టిన కంప్యూటరు ముసుగును ఇవాళ పెట్టెలోంచి తీసి విప్పితే, మడతల్లో ఇంకా జీడిపిక్కల పొగ వాసన ఉంది. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మా ఆయన, దీనికి యాంటీవైరస్ వేయించాలా అక్కర్లేదా అని అడుగుతున్నారు. చిన్న ప్రశ్నే, కానీ అది నన్ను అమ్మ పాత కంప్యూటరు దగ్గరికి తీసుకెళ్ళింది.

మాది మందసకు దిగువన, సముద్రపు హోరు వినబడే ఊరు. వేసవిలో మూల గదిలో మగ్గే పనసపళ్ళ వాసన, జీడిమామిడి పళ్ళ వగరు, వానల్లో నానిన కొబ్బరిపీచు, క్రిస్మస్ ముందు ఇంటింటా పొంగే అరిసెల పాకం, వీటన్నిటి మధ్య ఉబ్బసంతో బడికి పోలేని పిల్లగా పెరిగాను. అమ్మే నా బడి. అరుగు మీద జీడిపిక్కలు కొడుతూ ఎక్కాలు చెప్పించేది, పప్పు పొర వలుస్తూ కీర్తనలు నేర్పేది.

తర్వాత అమ్మకు కిడ్నీ జబ్బు వచ్చింది. ఇంటికొకరికి ఆ జబ్బున్న మా ఉద్దానంలో ఆ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు. కొబ్బరితోటల్లో పుట్టిన మనిషిని కొబ్బరినీళ్ళు ముట్టవద్దన్నారు. డయాలసిస్‌కు పలాస వెళ్ళే రోజుల్లో నా చదువు ఆగిపోతుందనే ఆమె బెంగంతా. అది చూడలేక అమ్మ తమ్ముడు, మా మావ, మూతబడిన నెట్ సెంటరు నుంచి పాత కంప్యూటరొకటి తెచ్చాడు. అమ్మ ప్రార్థన చేసుకుని దాని ముందు కూర్చుని, మైకులో పాఠాలు చెప్పి దాచేది. డిక్టేషన్‌లో నేను రాసుకోవడానికి ఒక్కో మాట తర్వాత ఆగేది. ఆ ఖాళీలో కాకి అరుపు, పక్కింట్లో పిక్కలు కొట్టే చప్పుడు, దూరాన సముద్రం. అప్పుడు, "రాసీసినావేటే?" అనేది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్న నేను, రాసేశానమ్మా అని ఆ పెట్టెకే జవాబు చెప్పేదాన్ని.

వైరస్ వస్తుందని ఎవరో భయపెడితే నాన్న దానికి యాంటీవైరస్ వేయించాడు. ఆ ముసలి యంత్రం బరువు మోయలేక నత్తలా నడిచింది, అమ్మ గొంతు ముక్కలు ముక్కలుగా పలికింది. మావ నవ్వాడు.

"నెట్టే నేదు గదా బావా, దీనికి రోగం ఎట్నుంచి వత్తాది? సముద్రం మీంచి ఎగిరొత్తాదేటి?"

"నాకు మాత్రం ఎట్నుంచి వచ్చినాదో ఎవుడికి తెలుసు," అంది అమ్మ. నాన్న వైపు తిరిగి, "తీయించీండి. మన పిల్లగుంట నా మాట తిన్నగా వినాల," అంది.

తీయించేశారు. బదులుగా ఆమె ఈ ముసుగు కుట్టింది. కాళ్ళు కడుక్కోకుండా ఎవరినీ దాని దగ్గరికి రానిచ్చేది కాదు.

అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెను తలుచుకుని ప్రార్థించే ఆదరణ కూటంలో పెట్టడానికి ఆమె నవ్వుతున్న ఫొటో కంప్యూటరులోనే ఉంటే, మావ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని స్టూడియోకి పట్టుకెళ్ళాడు. పెద్దది చేయించి నాన్నకు చూపించడానికి అదే పెన్‌డ్రైవ్ తెచ్చి మళ్ళీ పెట్టాడు. ఫొటోతో పాటు వైరస్ వచ్చింది. పాఠాలు తెరుచుకోవడం మానేశాయి.

నాన్న పెట్టెను అమ్మ దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పలాస తీసుకెళ్ళాడు. బాగుచేసినాయన మంచివాడు, ఏడుపు మొహంతో వచ్చిన మనిషికి టీ తెప్పించాడట. "మొత్తం కడిగీసేను బాబూ, ఇప్పుడు కొత్తదానిలాగ పరిగెడతాది," అన్నాడట. లోపల ఏముందని ఆయన అడగలేదు, కడిగితే అన్నీ పోతాయని నాన్నకు తెలియదు. ఇంటికి తెచ్చాక నేనే స్విచ్ వేశాను. నిజంగానే పరిగెత్తింది. అందులో ఏమీ లేదు.

నాన్న నా పక్కన నేల మీద కూలబడ్డాడు. "మీ యమ్మ మళ్ళీ ఎల్లిపోనాదే," అన్నాడు.

ఇప్పుడా అరుగు లేదు, పిక్కలు మిషన్లే కొడుతున్నాయి, నాన్నా లేడు. యాంటీవైరస్ వేయించండి, మన పాప పాఠాలు ఇంకోచోట కూడా దాచండి అని మా ఆయనకు చెప్పాను. ముసుగు దులిపి ల్యాప్‌టాప్ మీద కప్పాను. ముసుగే మరీ పెద్దదైంది.

సాయంత్రం పాపకు డిక్టేషన్ చెప్పాను. చెప్పి, ఆగాను. నాకింత చదువు ఇచ్చిన తల్లిని ఇచ్చినందుకు ఆ ఖాళీలో దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. తర్వాత, "రాసీసినావేటే?" అన్నాను. మాట అమ్మదే. గొంతు, ఎంత చెవి పెట్టి విన్నా, నాదే.