అడుగున మిగిలిన పాలు

మా అత్తయ్య ఉద్యోగమంతా హాస్టల్ వంటగదిలో గరిటె తిప్పిన మనిషి. ఆవిడ చెయ్యి పడ్డ గిన్నెలో మెతుకు మిగలదు. ఇక కడగడమెందుకని మామయ్య వేళాకోళం చేస్తారు. నోరంటారా, అబ్బో, వీధి చివరికి వినిపిస్తుంది! అలాంటి మనిషి చేతిలో మా బుజ్జిగాడి పాలజగ్గు పెట్టి నేను ఆఫీసుకు పోయేదాన్ని.

వాడికి పుట్టుకతోనే కిడ్నీలు సరిగా పనిచేయవు. పాలల్లోని పొటాషియం ఒంట్లో పేరుకుపోతే గుండెకే ముప్పు. అందుకని డాక్టరమ్మ ఒక మందుపొడి రాసిచ్చారు. కలిపిన డబ్బాపాలల్లో అది వేసి ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే, పొటాషియాన్ని పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన పాలు వంచుకుని, అడుగున ఉన్నది పారబోయాలి.

అన్నీ చేస్తున్నా రక్తపరీక్షలో పొటాషియం తగ్గలేదు. పైగా పిల్లాడి పొట్ట బిగిసింది. వచ్చే పరీక్షలోనూ ఇంతే ఉంటే ఆస్పత్రిలో చేర్చి డయాలసిస్ చేయాల్సిందేనన్నారు డాక్టరమ్మ.

"పాలు ఎలా వంచుతున్నారు?" అని ఆవిడ అడగగానే అత్తయ్య అందుకుంది.

"మా కోడలు పారబొయ్యమనే చెప్పిందండీ. చిక్కటిదంతా అడుగునే ఉంటే పిల్లాడికి బలమెక్కడిది? నేనే గరిటేసి బాగా కలిపి పడుతున్నా!"

"ఓరి దేవుడో!" అని నేను అరిచిన అరుపుకి బయట కూర్చున్నవాళ్లు లోపలికి తొంగిచూశారు.

డాక్టరమ్మ కోప్పడలేదు. పొడి పట్టుకున్నదంతా మళ్లీ వాడి పొట్టలోకే పోతోందని విడమరిచి చెప్పారు. అత్తయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఇంటికొచ్చాక జగ్గు ముట్టుకోనంది. "నాకొద్దు తల్లీ, నువ్వే చూసుకో." నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. సరేనని నేనే వంచబోతే, భయానికి చేతులు వణికి అడుగంతా పైకి లేచింది.

"అయ్యో అయ్యో, అదేం వంచడమే! ఇటు తే!" అంటూ అత్తయ్య జగ్గు లాక్కుంది. అవి పారబోసి కొత్తగా కలిపించింది. ఫ్రిజ్ పక్కన దబదబా నడిచారని మామయ్యకు చీవాట్లు పడ్డాయి. వంచేటప్పుడు ఊపిరి బిగబట్టింది. పైపాలు కూడా కాసిని అడుగుతోపాటే వదిలేసింది, ఆ మహాతల్లి!

ఆ తర్వాతి పరీక్షలో పొటాషియం దిగింది. డయాలసిస్ ఇప్పుడు అక్కర్లేదని డాక్టరమ్మ ఫోన్ చేశారు. అత్తయ్య అప్పుడే అడుగు పాలు సింకులో ఒంపుతోంది. చెప్పగానే జగ్గు వదిలేసి నన్ను పట్టుకుని భోరుమంది.

"నా చేత్తో నేనే వాణ్ని పోగొట్టుకునేదాన్నే!"

"మీ చేత్తోనే దిగింది అత్తయ్యా," అన్నాను.