కీ.శే. సంగప్ప బిందె

మా పటాన్‌చెరు బజారులో ఈ సంగతిని ఇప్పటికీ నవ్వులాటగా చెప్పుకుంటారు. బతికున్న మనిషిని నజీరా బిందె మీద చంపేసిందట, పెళ్లి పందిట్లో మైకులో చావు చాటించిందట. కడుపు చెక్కలయ్యేలా నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతుంది. అంజయ్య సేటు గిన్నెల దుకాణానికి ఎదురుగా నాది గాజుల దుకాణం. మొదటి నుంచి చివరిదాకా కళ్లారా చూసినదాన్ని నేను. నన్నెవరూ అడగరు. అడగకపోయినా చెబుతాను.

నజీరా గిన్నెల మీద పేర్లు కొట్టేది. ఇప్పుడు కరెంటు పెన్ను వచ్చింది, గీరితే పేరు పడుతుంది. అప్పట్లో సన్న ఉలి, చిన్న సుత్తి. చుక్క పక్కన చుక్క పొడుస్తూ అక్షరం తేవాలి. వాళ్ల నాన్న ఫజలుద్దీన్ అంజయ్య సేటు దుకాణం అరుగు మీద కూర్చుని ఆ పని చేసేవాడు. ఆయనకు చూపు మందగించాక కూతురు కూర్చుంది. ఆమె ఎవరి దగ్గరా జీతానికి లేదు. ఏ దుకాణంలో కొన్న గిన్నె తెచ్చినా రాసేది. వట్టి పేరే కాదు, అడిగితే అంచు చుట్టూ మల్లెతీగ, నెమలి, జంట చిలకలు వేసేది. ఆమె వేసిన చిలకలు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉండేవి. మిగతావాళ్లు వేసినవి చెరో దిక్కు చూసేవి.

బొల్లారం కంపెనీల బస్సు దిగి కుర్రాళ్లు గుంపుగా వచ్చేవాళ్లు. తోటివాడి పెళ్లికి అందరూ కలిసి ఒక కుక్కరు కొని, 'బి షిఫ్టు మిత్రబృందం' అని రాయమనేవాళ్లు. ఇంకొకరు గృహప్రవేశానికి, ఇంకొకరు సంవత్సరీకానికి. ఎంతమంది వచ్చినా నజీరాది ఒకే పద్ధతి. ఒళ్లో ఒకే గిన్నె. మొదలుపెట్టిన పేరు పూర్తయ్యేదాకా ఇంకోటి ముట్టదు. అయ్యాక పైకి చదివి, కొంగుతో తుడిచి, అప్పుడు చేతికిస్తుంది.

"సగం పేరు ఇడిసిపెడితే, ఆ మనిషిని నడిబజార్ల నిలవెట్టి పోయినట్టు అనిపిస్తదక్కా" అంది నాతో ఒకసారి.

ఇది జనానికి నచ్చేది కాదు. మంగలి సగం గడ్డం గీస్తుంటే వాణ్ని లేపి ఇంకో పని చెప్పే మగాడు ఈ భూమ్మీద ఉన్నాడా? పూజారి మంత్రం మధ్యలో ఉంటే చేతులు కట్టుకుని నిలబడరా? ఆడమనిషి అరుగు మీద కూర్చుని పని చేస్తుంటే మాత్రం అది ఎవరి కంటికీ పనిగా ఆనదు. "నజీరా, జెర దుకాణం సూడు, ఇప్పుడే వస్త." "నజీరా, ఈ పిల్లను పట్టుకో." "నజీరా, మాది చిన్న పేరే, నడుమల కొట్టియ్యి." వింటున్న నాకే చిరాకొచ్చేది.

అందరిలోకీ అంజయ్య సేటు ఘనుడు. తనకు ఏకకాలంలో నలుగురితో బేరమాడటం వచ్చని ఆయన గొప్ప. ఒకరికి పళ్లెం చూపిస్తూ, ఇంకొకరికి గంటె అందిస్తూ, మూడో మనిషితో రాజకీయం మాట్లాడేవాడు. ఆ చేతుల మీదుగా ఎన్ని కుక్కర్లు వేరే మూతలతో ఊళ్లకు పోయాయో, మర్నాడు ఎంతమంది ఆడవాళ్లు వాటిని మోసుకుంటూ తిరిగొచ్చారో నేను చూశాను. అలాంటి మనిషి నజీరాకు పని నేర్పేవాడు! "ఒక్కదాన్నే పట్టుకొని కూసుంటవేంది? నాలుగు ముందల వెట్టుకో, నాలుగూ నడిపియ్యి" అనేవాడు.

ఆమె నోరెత్తేది కాదు. కారణం ఆ అరుగు. నీడ ఉంది, రోడ్డు మీదే ఉంది, బస్సు దిగిన ప్రతివాడి కంటా పడుతుంది. నజీరా ఇల్లు వెనక గల్లీలో ఎక్కడో చివర ఒక్క గది. భర్తకు బొల్లారంలో కంపెనీ పని, కంపెనీ నడిస్తే ఉంది, మూస్తే లేదు. "ఈ అరుగు పోతే నన్నెవరు దేవులాడుకుంట గల్లీల కొస్తరక్కా?" అనేది. ఆ భయంతోనే సేటు ఎంతన్నా పడి ఉండేది.

తొంభై ఆరు ఎండాకాలం. ముహూర్తాలు ముమ్మరంగా ఉన్నాయి. బొంతపల్లి నుంచి కిష్టప్ప అనే ఆయన తల్లి సంవత్సరీకానికి బంధువులకు పంచడానికి స్టీలు డబ్బాలు తెచ్చాడు. ప్రతి డబ్బా మీద 'కీ.శే. మొగులమ్మ జ్ఞాపకార్థం' అని రాయాలి. పొద్దుటి నుంచి నజీరా చేతిలో అవే అక్షరాలు. కీ.శే., కీ.శే., కీ.శే. ఒక్కో డబ్బా ఎత్తడం, ఆ రెండక్షరాలతో మొదలుపెట్టడం.

మధ్యాహ్నం జిన్నారం సంగప్ప వచ్చాడు. మర్నాడు మేనకోడలి పెళ్లి. పెద్ద బిందె కొన్నాడు, దాని మీద 'మేనమామ సంగప్ప, జిన్నారం' అని రాయాలన్నాడు. బస్సు కదలబోతోందని ఒకటే గోల. "జల్దీ, జల్దీ" అంటూ అరుగు మీద చిందులు.

"ఈ డబ్బా మీద పేరు సగమైందన్నా. ఇది కానియ్యి, మీదే పడత" అంది నజీరా.

అప్పుడు అంజయ్య సేటు ఏం చేశాడో తెలుసా? ఆమె ఒళ్లో ఉన్న డబ్బా లాక్కున్నాడు. 'మొగు' దగ్గర ఉలి ఆగిపోయింది. ఖాళీ అయిన ఒళ్లో బిందె కుదేశాడు. "సచ్చినామెకు తొందరేముంది? ముందుగాల ఇది కొట్టు" అన్నాడు. కిష్టప్ప పక్కనే నిలబడి విన్నాడు. తలవంచుకున్నాడు, పాపం.

బయట బస్సు హారను, ఒక చెవిలో సంగప్ప, ఇంకో చెవిలో సేటు. నజీరా ఉలి పట్టుకుంది. పొద్దుటి నుంచి గిన్నె ఎత్తగానే చెయ్యి ఏం రాసిందో అదే రాసింది. చివరి అక్షరం పడీ పడకముందే సేటు బిందె లాగేసి పాత పేపరు చుట్టి సంగప్ప భుజానికెత్తాడు. చదివి ఇస్తానన్నా వినలేదు. సంగప్ప పరుగు.

మర్నాడు పెళ్లిలో చదివింపుల దగ్గర మైకు పట్టుకున్నవాడు బిందె మీద ఉన్నది ఉన్నట్టు చదివేశాడు. "కీర్తిశేషులు మేనమామ సంగప్ప గారు, జిన్నారం, ఒక స్టీలు బిందె!" కొత్త రుమాలు చుట్టుకుని ముందు వరసలో కూర్చున్న సంగప్ప లేచి నిలబడ్డాడట. వెనక నుంచి ఒక ముసలామె "అయ్యో, ఎప్పుడు పోయిండు?" అని శోకం ఎత్తుకుందట. పెళ్లికూతురి తల్లి, అంటే సంగప్ప చెల్లెలు, అపశకునమని ఏడ్చిందట. నవ్వొస్తుంది, కాదనను. కానీ నవ్వి ఊరుకుంటే సరిపోదు.

ఆ మర్నాడే సంగప్ప బిందె నెత్తిన పెట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. బజారంతా పోగైంది. నజీరా అరుగు మీద కిష్టప్ప డబ్బాలు రాస్తోంది. మిగిలినవి తీసుకుపోదామని కిష్టప్ప కూడా వచ్చి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"బతికుండంగనే నన్ను సంపిండ్రు గదరా!" అని సంగప్ప బిందెను నేలకేసి కొట్టాడు.

అంజయ్య సేటు తడుముకోలేదు. "ఏం జెయ్యాలె అన్నా? తురకామె. సూసి గీస్తది గనీ తెలుగు సమజ్ కాదు" అన్నాడు.

అబద్ధం! నజీరా ఇక్కడి బళ్లోనే తెలుగులో ఏడో తరగతి దాకా చదివింది. సేటుకు వచ్చిన ఉత్తరాలు చదివి పెట్టేదే ఆమె. నాకు ఆగలేదు. గాజులపెట్టె వదిలేసి రోడ్డు దాటాను. "ఒళ్లోకెల్లి డబ్బా గుంజింది నువ్వు గాదా సేటూ? సదవనియ్యకుంట బిందె లాక్కున్నది నువ్వు గాదా? సంగప్పన్నా, నువ్వు ఈడనే ఉంటివి, నీ నోటికేమైంది?" అని అరిచాను. సంగప్ప చూపు తప్పించాడు. అంతా చూసినవాడే, ఒక్క ముక్క అనలేదు. ఆ మౌనం తలచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది.

నజీరా తలెత్తకుండానే, "అక్కా, జెర ఊకో. అక్షరం వంకర పోతది" అంది. ఇంత గోలలోనూ ఉలి ఆగలేదు.

సేటు లోపలి నుంచి కొత్త బిందె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "అవన్నీ పక్కకు వెట్టు. మొదలు సంగప్పన్నది రాసియ్యి."

"ఈ పేరు నడుమ ఉంది సేట్."

సంగప్పకు మళ్లీ మండింది. "సచ్చినామె పేరు ముందా, బతికున్న నా పేరు ముందా?"

"ఎవరి పేరు మొదలువెట్టిన్నో వాళ్లది ముందు" అంది నజీరా. "మొన్న మీ మాట ఇన్న. నా చెయ్యే తప్పు రాసింది, కాదంటలేను. ఇగ ఇనను."

మెట్టు మీద కిష్టప్ప కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. సేటు మొహం మాడిపోయింది. బజారంతా చూస్తుండగా ఎదురు మాట్లాడింది కదా. "గట్లనా? అయితే దిగు. నా అరుగు మీదికెల్లి ఇప్పుడే దిగు!" అన్నాడు.

నజీరా దిగలేదు. సుత్తి ఆడుతూనే ఉంది. మొగులమ్మ పేరు పూర్తి చేసింది, జ్ఞాపకార్థం రాసింది, పైకి చదివింది, కొంగుతో తుడిచి డబ్బా కిష్టప్ప చేతికిచ్చింది. తర్వాత కొత్త బిందె ఒళ్లోకి తీసుకుంది. సంగప్ప ఈసారి జల్దీ అనలేదు. మేనమామ సంగప్ప, జిన్నారం. పక్కన అడగకుండానే రెండు చిలకలు వేసింది. పైకి చదివి ఇచ్చింది. సంగప్ప బిందె తిప్పి తిప్పి చూసుకుని నెత్తికెత్తుకున్నాడు.

గొడవ సద్దుమణిగిందని సేటుకు ధైర్యం వచ్చింది. ఒక పళ్లెం ముందుకు తోసి, "అయిందేదో అయింది. ఇగ ఇది అందుకో" అన్నాడు, ఏమీ జరగనట్టు.

నజీరా ఉలీ సుత్తీ సంచిలో వేసుకుంది. కూర్చున్న గోనెపట్టా దులిపి చుట్టింది.

"యాడికి?" అన్నాడు సేటు.

"మీరు దిగుమన్నరు గద సేట్. అప్పుడు చేతిల పని ఉండె. ఇప్పుడు అయిపోయింది, దిగుతున్న."

చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. సంచీ పట్టా చంకన పెట్టుకుంది. గల్లీ వైపు నడిచింది. కిష్టప్ప లేచి, ఇంకా పేరు పడని డబ్బాలను సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"అవి ఈడనే ఉండనియ్యి. సంగారెడ్డికెల్లి వేరేటోన్ని పిలిపించి కొట్టిస్త" అన్నాడు సేటు.

"మా అమ్మ పేరు ఆమె మొదలువెట్టింది సేట్" అని కిష్టప్ప సంచి భుజానికెత్తుకుని ఆమె వెనకే గల్లీలోకి నడిచాడు.