గొర్రె గిట్టలో దొరికిన టైబీరియస్

మోతె ఊళ్లో మందను మేపే ఆండాలు గొర్రెను ఒక్కసారి పైకెత్తి దింపిందంటే ఇక కాటాతో పనిలేదు. ఆమె ఇన్ని కిలోలంటే అన్ని కిలోలే. సంతలో ఆమెతో బేరమాడి గెలిచినవాడు లేడని వ్యాపారులే ఒప్పుకుంటారు.

2008 వానాకాలంలో ఊరవతలి మెట్ట చెలకలో మేస్తున్న ఓ గొర్రెపిల్ల కుంటుతుంటే, ఆండాలు దాన్ని ఒళ్లో పడేసుకుని గిట్టల సందున బిగిసిన మట్టిని పుల్లతో పెకిలించింది. మట్టితోపాటు నల్లటి బిళ్ల ఒకటి ఊడిపడింది. కొంగుతో రుద్దితే పెద్ద ముక్కున్న మగాడి మొహం కనిపించింది. మీసం లేదు, తలకు ఆకుల దండ.

"ఎవనివిరా నువ్వు? పెండ్లికొడుకు లెక్కున్నవ్" అని నవ్వుకుంది.

సూర్యాపేటలో నగలు చేసే అవుసలి దాన్ని రాయిమీద గీసి, తూచి, "వెండే. నాలుగు గ్రాములు గూడ లేదు. ఎనభై ఇస్త" అన్నాడు.

ఆండాలు చెయ్యి చాపింది. అతను బిళ్లను వదల్లేదు. రెండొందలన్నాడు, అయిదొందలన్నాడు. కొనాలని మనసు పడ్డవాడు గొర్రె చెవి వదలకపోవడం ఆమె ముప్పై ఏళ్లుగా చూస్తున్నదే.

"నాలుగు గ్రాముల వెండికి గింత పరేషాన్ ఎందుకయ్యా? ఇటియ్యి" అని లాక్కుంది.

మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే నాగేశ్వర్ రావుకు పాత నాణేల పిచ్చి ఉందని విని అక్కడికి బస్సెక్కింది. ఆయన అద్దాలు పెట్టుకుని చూసి, "రోమ్ రాజుది లెక్కనే ఉన్నది. నకిలీ గూడ కావచ్చు. అయినా రెండు వేలిస్త" అన్నాడు.

"నకిలీకి రెండు వేలా సేటూ! మీ మిల్లుల నూకలకు సన్నబియ్యం ధర పెడ్తరా?"

నాగేశ్వర్ రావు పడీపడీ నవ్వాడు. "నీతోని నావల్ల కాదు తల్లీ. కోదాడల గీతాంజలి అని హిస్టరీ లెక్చరర్ ఉన్నది. ఆమె చెప్తే నమ్ము" అని చిరునామా రాసిచ్చాడు.

గీతాంజలి కొనేమనిషి కాదు. అదే ఆండాలుకు వింతగా తోచింది. ఆమె భూతద్దం కింద అంచంతా తిప్పి చూసింది. "అచ్చులో పోసిన నకిలీ అయితే ఇక్కడ అతుకు గీత ఉంటుందమ్మా. దీనికి లేదు, సుత్తితో కొట్టి చేసింది. ఈ అక్షరాలు టైబీరియస్ అనే రోమ్ చక్రవర్తి పేరు. రెండువేల ఏళ్ల నాటిది. మన సరుకులు కొనడానికి ఓడల్లో తెచ్చిన డబ్బు."

"అప్పట్ల దీని ధరెంత బిడ్డా?"

"ఒక మనిషి రోజు కూలి."

ఆండాలు నోరు తెరిచింది. "ఒక్క రోజు కూలికా నేను మూడు ఊర్లు తిరిగింది!"

ఇప్పుడైతే పది, పదిహేను వేలు పలకొచ్చని, కానీ భూమిలో దొరికింది సర్కారుకు చెప్పకుండా అమ్మితే నేరమని గీతాంజలి చెప్పింది. ఆండాలు మొహం ముడుచుకుంది. ఇంతకాలంలో బేరానికి తావులేని సరుకు ఆమె చేతికి రావడం ఇదే మొదలు.

"ఇలాంటి నాణేలు వేరేచోట్ల కూడా ఉన్నాయమ్మా. ఇది ఏ చెలకలో, ఎట్లా దొరికిందో మాత్రం మీ ఒక్కరికే తెలుసు. మాకు దానికే విలువ ఎక్కువ" అంది గీతాంజలి.

ఆండాలు కళ్లు మెరిశాయి. "అట్లనా! అయితే చెలక సూపిస్త. కానీ ఆ దినం నా మందను మేపెటోనికి కూలి సర్కారే ఇయ్యాలె."

తహసీల్దారుకు నాణెం అప్పగించి రసీదు తీసుకుంది. అధికారులు వచ్చి చెలకలో మూడు రోజులు తవ్వితే నాలుగు కుండపెంకులు దొరికాయి. ఊరంతా గంపలతో వచ్చి, ఉత్త గంపలతో వెళ్లింది. మేపినవాడి కూలి మాత్రం మొదటిరోజే ముట్టింది.

ఏడాది తర్వాత సర్కారు బహుమానంగా ఎనిమిది వేలిచ్చింది. ఆండాలు రెండు గొర్రెలు కొని, మిగిలిన డబ్బుతో గీతాంజలిని వెంటబెట్టుకుని, ఆ నాణెం పెట్టిన మ్యూజియానికి వెళ్లింది. గాజు పెట్టెలో రాజు తళతళలాడుతున్నాడు. కింద కార్డు మీద 'మోతెలో ఒక గొర్రెల కాపరికి దొరికింది' అని ఉందని గీతాంజలి చదివింది.

"మోతెల కాపరోళ్లం నూరుమందిమి ఉన్నం. గీ కాపరి ఎవరో ఎట్ల తెలుస్తది?" అని ఆండాలు అక్కడి ఉద్యోగిని నిలదీసింది.

అతను ఆమె పేరడిగి, పెన్ను తెచ్చి, కొత్త కార్డు రాశాడు. ఆండాలు గాజు పెట్టె దగ్గరే నిలబడి, గీతాంజలితో దాన్ని రెండుసార్లు చదివించుకుంది.