నీ పేరేందని అడిగిన ఆపా

ఆపా ఇక లేదని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను రోమ్ పాఠం చెప్పడానికి క్లాసుకు వెళ్తున్నాను. కళ్ళు తుడుచుకుని లోపలికి నడిచాను. పాఠం మానేస్తే ఆపా ఊరుకునే మనిషా!

ఈ గల్ఫ్ ఊళ్ళో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేమున్న విల్లాలో పై వాటా ఆవిడది. హైదరాబాదీ, ఇక్కడి స్కూల్లో చరిత్ర టీచరు, అందరికీ ఆపా, అంటే అక్క. నేను జగిత్యాల నుంచి కొత్త పెళ్ళికూతురిగా దిగినప్పుడు అందరికీ ‘క్రేన్ శ్రీనివాస్ భార్య’నే. మా ఆయన లుసైల్‌లో క్రేన్ నడుపుతాడు మరి. ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఆపా పలకరించింది.

“నీ పేరేందమ్మా?”

“శ్రీనివాస్ వాళ్ళ మిసెస్‌ని, ఆపా.”

“గది మీ ఆయన పేరు. నీదేది?”

“రజిత” అన్నాను. నా పేరు నాకే కొత్తగా వినిపించింది.

“పాత రోమ్‌ల గూడ గిట్లనే బేటీ. ఇంట్ల ముగ్గురు ఆడబిడ్డలుంటే ముగ్గురికీ నాయన వంశం పేరే. పెద్దది, చిన్నది, మూడోది అని పిలుసుడు!”

బట్టల క్లిప్పు పళ్ళ మధ్య పెట్టుకునే పాఠం చెప్పేది. రోమ్ ఆడవాళ్ళకు ఆస్తి ఉండేదట, అమ్మాలంటే మాత్రం సంరక్షకుడు ఊఁ అనాలట. ముగ్గురు పిల్లల్ని కంటే ఆ పెత్తనం తప్పేదట. ఓటు లేదు, పదవి లేదు. “అయితే ఊకున్నరా?” అని గొంతు పెంచేది. బంగారం ఇంతకు మించి పెట్టుకోవద్దు, రంగు బట్టలు కట్టొద్దు అన్న చట్టం మీద ఆడవాళ్ళు వీధులన్నీ నింపేశారట. రద్దయ్యేదాకా వదల్లేదట! అక్కడికొచ్చేసరికి క్లిప్పు కింద పడేది.

నా డిగ్రీ సగంలో ఆగిపోయిందని తెలిసి ఆపా ఊరుకోలేదు. పరీక్షలకు ఇండియా వెళ్ళాలి. మా ఆయన గునిశాడు: “డ్యూటీ చేసొచ్చి నేనే వండుకోవాల్నా ఆపా?”

“అవు, వండుకోవాలె. యల్లా, లే, బియ్యం కడుగు!”

కడిగాడు. మొదటి రోజు అన్నం మాడగొట్టి ఫొటో కూడా పంపాడు. డిగ్రీ అయింది, బీఎడ్ అయింది, ఆపా రిటైరయ్యాక ఆవిడ క్లాసులోనే నాకు ఉద్యోగమొచ్చింది. ఆ రోజు ఆవిడ విల్లా అంతా వినపడేలా నా పేరు పెట్టి అరిచింది. ఆ అరుపు తలచుకుంటే ఇప్పటికీ గర్వంతో ఒళ్ళు పులకరిస్తుంది.

ఫోనొచ్చిన సాయంత్రం, ఆపా చివరి రోజుల్లో ఉన్న కూతురింటికి పరామర్శకు వెళ్ళాం. ఆపా కూతురు తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి. వెనక నిలబడ్డ మా ఆయన్ను ఎప్పుడూ చూడలేదేమో, “మీరు?” అంది.

క్రేన్ ఆపరేటర్ అంటాడనుకున్నాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, నిటారుగా నిలబడి చెప్పాడు:

“నేను రజిత టీచర్ వాళ్ళాయనను.”