కాలికి కట్టిన రెండు కిలోలు

గార్డెన్ రీచ్ నుంచి న్యూ టౌన్ వెళ్లే బస్సులో కూర్చుని కాగితం మీద అదే లెక్క మళ్లీ వేస్తున్నాను. నా పాత కారు వెనక చక్రాల్లోనే కరెంటు మోటార్లు బిగించాను. ఒక్కొక్కటి ఇరవై రెండు కిలోలు. ఇంజను తీసి బ్యాటరీ పెట్టాక బండి మొత్తం బరువు అరవై కిలోలు తగ్గింది. అయినా చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ గతుకుల్లో రెండుసార్లు విరిగింది. మూడోది వేశాను. ఆ మధ్యాహ్నమే కంపెనీ పెద్దల ముందు బండికి పరీక్ష. తొమ్మిదేళ్ల పనికి అదే చివరి అవకాశం. బండి నడపడానికి నా స్నేహితుడు అప్పారావు ముందే వెళ్లాడు.

అతనితో ఫోన్లో మాట్లాడుతుంటే విని పక్కసీటు పెద్దావిడ అడిగింది. "తెలుగోళ్లా బాబూ? చక్రంలో మోటారేటి?"

చెప్పాను. బరువు తగ్గినా ఎందుకు విరుగుతోందో అంతు పట్టడం లేదన్నాను.

ఆమె చీర అంచు కాస్త ఎత్తి, కుడికాలికి ఊతంగా కట్టిన ఇనుప పట్టీ చూపించింది.

"నెత్తిమీద ముప్పై కిలోల ఇసక మోసీదాన్ని. నడుం ఊగి సర్దుకునీది. ఇది రెండు కిలోలే. గతుకొస్తే ఎముకలో దిగిపోతాది. నెత్తిన బరువూ కాలి బరువూ ఒకటేటి బాబూ?"

కాగితం చూశాను. కూడికలో తప్పు లేదు. స్ప్రింగుల పైనున్న బరువునూ చక్రంలోని బరువునూ ఒకే వరసలో రాసి కూడేశాను. చక్రంలోని బరువుకు స్ప్రింగు ఆసరా లేదు, గతుకు దెబ్బంతా ఆర్మ్ మీదే పడుతుంది. మూడోదీ విరుగుతుంది, ఈసారి వేగంలో.

అప్పారావుకు ఫోన్ చేశాను. "బండి తియ్యకు."

"పిచ్చేటి నీకు? పెద్దాళ్లొచ్చి కూకున్నారు. మళ్లీ పిలవర్రా!"

"తెలుసురా. దిగిపో."

ఆమె ఫోను పట్టుకున్న నా చేతిమీద చెయ్యి వేసింది. కండక్టరు ఆమెను బెంగాలీలో పిన్నీ అని పిలుస్తూ "మాసిమా, మీ స్టాపు" అని రెండుసార్లు అరిచాడు. ఆమె నా చెయ్యి వదిలి లేవలేదు.