రెండో వారంలో ఆపేసిన మాత్రలు: హిందూపురం నుంచి ధర్మవరం దాకా

మా తమ్ముడు రమణ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. పోయిన ఏడాది భార్య చనిపోయాక మగ్గం దగ్గర కూర్చోవడం తగ్గించాడు. తర్వాత తిండి, నిద్ర కూడా తగ్గిపోయాయి. హిందూపురంలో మా ఇంటికి పిలిపించి మానసిక వైద్యురాలికి చూపించాను. మాత్రలు తీసుకుని ఊరికి వెళ్లిన వాడు రెండో వారంలో ఫోన్ చేసి, “మాత్రలు ఆపేసినా అక్కా. ఏం గుణం ల్యాదు,” అన్నాడు. ఆ గొంతు విన్నాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. ఇలాంటి పని మీదే ఈ దారి పట్టాల్సిన వాళ్లుంటారని ఇది రాస్తున్నాను.

హిందూపురంలో పొద్దున ఏడింటికి బస్సెక్కితే సోమందేపల్లి మీదుగా గంట, గంటంబావులో పెనుకొండ చేరతారు. బస్సులోంచే డాక్టరుకు ఫోన్ చేశాను. “మాత్ర వేసిన కొన్ని గంటల్లోనే మెదడులో సెరటోనిన్ పెరుగుతుందమ్మా. కానీ అది నాడీకణానికి అందించే కబురు లోపలి జన్యువుల దాకా వెళ్లాలి. కొన్ని జన్యువులు పనిలోకి దిగుతాయి, కొన్ని నెమ్మదిస్తాయి. అప్పుడు కొత్త ప్రోటీన్లు తయారై కణాల మధ్య సంబంధాలు మారతాయి. అందుకు వారాలు పడుతుంది. ఇందులో మాకూ తెలియనిది చాలా ఉంది. మీరు ముందు అతన్ని ఒంటరిగా వదలకండి,” అన్నారామె.

పెనుకొండలో ధర్మవరం బస్సు ఎంతకీ రాలేదు. రానూపోనూ ఆటో మాట్లాడుకున్నాను. బస్సు కన్నా చాలా ఎక్కువే అవుతుంది, గంటకు పైగా పడుతుంది.

“ఎవురికన్నా బాగల్యాదా అక్కా?” అన్నాడు డ్రైవరు.

“మా తమ్మునికి. మనసు బాగలేదు.”

“మా చిన్నాయన గూడా అట్లే ఉండె. మేం గాలి సోకిందనుకుంటిమి. ఇప్పుడు ల్యాడు.” ఆ తర్వాత ఆటో ఎక్కడా ఆపలేదు.

రమణ ఇంటి తలుపు తీసే ఉంది. మగ్గం మీద సగం నేసిన పెళ్లిచీర. దాని పడుగు దారాలన్నీ అడ్డంగా కోసేసి ఉన్నాయి. పక్కనే కత్తెర పట్టుకుని కూర్చున్నాడు.

“ఎందుకు కోసినావురా?”

“చేతులు ఆడల్యాదక్కా. దాన్ని చూస్తాంటే భయమేసె.”

కత్తెర తీసుకుని పక్కన కూర్చున్నాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. శ్రద్ధగానే విని, “అవన్నీ మారేదాకా నేను ఉండల్ల కదక్కా,” అన్నాడు. డాక్టరుకు మళ్లీ ఫోన్ చేస్తే ఆ పూటే తీసుకురమ్మన్నారు. అదే ఆటోలో హిందూపురం దాకా వాడి చేయి పట్టుకునే కూర్చున్నాను. ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. మాత్రలు మళ్లీ వేసుకుంటున్నాడు. రెండు పూటలా తింటున్నాడు, కాస్త నిద్రపోతున్నాడు. ఇంకా నవ్వలేదు. మళ్లీ నేస్తాడో లేదో తెలియదు. మందు లోపల తన పని తాను చేసుకుంటూ ఉండవచ్చు. ఆ వారాలన్నీ మనిషిని బతికించుకుంటూ రావలసింది మాత్రం ఇంట్లోవాళ్లే. ఇలా ఎవరినైనా తీసుకురావడానికి వెళ్తుంటే ఒక్కరే వెళ్లకండి. దారిలో ఒకరు ఫోన్లు, టికెట్లు చూసుకుంటే, ఇంకొకరు ఆ మనిషినే చూసుకుంటూ ఉండాలి.